యోహాన్ తట్టి చూసిన రెక్కలు

యోహాన్‌కి కనిపించిన ప్రతిదాన్నీ తట్టి చూసే అలవాటు. పూర్ణా మార్కెట్లో కొబ్బరికాయని తట్టడం అందరూ చేసేదే. యోహాన్ మంచినీళ్ల కుండని, వీధి గుమ్మాన్ని, కొత్తగా కొన్న కుర్చీ కాలిని, చివరికి చర్చిలో తను కూర్చోబోయే బెంచీని కూడా మధ్యవేలి కణుపుతో రెండుసార్లు తట్టేవాడు. తల కాస్త పక్కకి వంచి, వచ్చిన చప్పుడు పూర్తిగా అణిగిపోయేదాకా వినేవాడు. ఆ తర్వాతే దాన్ని నమ్మేవాడు. పెళ్లిచూపులనాడు తన తలని కూడా తట్టబోయి పెద్దవాళ్లున్నారని ఊరుకున్నాడని భార్య రోజలిన్ చుట్టాల ముందు అనేది.

"తట్టుంటే అప్పుడే తెలిసిపోయీది," అనేవాడు యోహాన్.

ఈ అలవాటు అతనికి రైల్వే ఉద్యోగం వల్ల వచ్చింది. ఇనుప ఖనిజం మోసుకుని పోర్టుకి దిగే గూడ్సుబళ్లు యార్డులో ఆగినప్పుడు, పొడుగు పిడి సుత్తితో ఒక్కొక్క చక్రాన్నీ కొట్టి వింటూ బండి ఈ చివరినించి ఆ చివరిదాకా నడవడం అతని పని. పగులు లేని చక్రం మోగుతుంది, ఆ మోత కాసేపు గాలిలో నిలుస్తుంది. పగులున్నది డబ్బుమని అక్కడికక్కడే ఆగిపోతుంది. ఎర్రదుమ్ములోనూ, ఇంజన్ల రొదలోనూ, ముసురులోనూ ఆ తేడా అతని చెవి పట్టుకునేది. అతను సుద్దముక్కతో గుర్తు పెట్టిన వేగన్ని విడదీస్తే గానీ బండి కదిలేది కాదు. తర్వాత యంత్రాలొచ్చాయి. సుత్తి మూలపడింది. అతనూ రిటైరయ్యాడు.

విమానాల పిచ్చి ఆ తర్వాత పట్టింది. తగరపువలసలో ఒక బంధువులింట ప్రార్థన కూడికకి వెళ్లి బస్సు కోసం నిలబడ్డప్పుడు, రోడ్డుకి అవతల జీడితోట మీద ఎర్రటి చిన్న విమానం ఒకటి పల్టీలు కొట్టడం చూశాడు. దాని కింద ఎవరో రియల్ ఎస్టేట్ వాళ్లు రోడ్లు వేసి, ప్లాట్లకి రాళ్లు పాతి, కొనేవాళ్లు రాక వదిలేసిన లేఅవుట్ ఉంది. అందులో తారురోడ్డు మీద నలుగురైదుగురు మగాళ్లు మెడలో రిమోట్లు తగిలించుకుని ఆకాశంలోకి చూస్తూ నిలబడ్డారు. యోహాన్ ఆ పూట రెండు బస్సులు వదిలేశాడు. ఆ తర్వాత ప్రతి ఆదివారం అక్కడికే వెళ్లేవాడు.

అక్కడ స్టీల్‌ప్లాంటులో క్రేన్ నడిపి రిటైరైన జగ్గారావు ఉండేవాడు. గొంతు పెద్దది, మనసు దాచుకోవడం రాదు. బేంకులో పనిచేసే శ్రీనివాసరావు ఉండేవాడు, ఏది జరిగినా దానికి కారణం చెప్పందే ఊరుకోలేడు. పాత ఊళ్లో సెల్‌ఫోన్లు బాగుచేసే యాసిన్ ఉండేవాడు, వాళ్లందరిలోకీ చిన్నవాడు, అందరికన్నా బాగా ఎగరేసేవాడు. ఒక ఆదివారం జగ్గారావు కొత్త విమానం తెచ్చి, గాల్లోకి లేపడానికి భయపడుతూ అటూ ఇటూ తిరుగుతుంటే, యోహాన్ ఊరికే వెళ్లి దాని రెక్కని కణుపుతో తట్టాడు. తల వంచి విన్నాడు.

"ఏటి బావ, ఏటంటది?" అన్నాడు జగ్గారావు.

"గట్టిగానే ఉంది. ఎగరెయ్," అన్నాడు యోహాన్.

ఆ విమానం చక్కగా ఎగిరింది. అప్పట్నించీ అదొక ఆనవాయితీ అయిపోయింది. ఎవరు కొత్త విమానం తెచ్చినా మడతమంచం మీద దుప్పటి పరిచి దాన్ని పెట్టేవారు. యోహాన్ వచ్చి రెక్కల్ని మొదట్నించి చివరిదాకా తట్టి, "ఎగరెయ్" అంటే ఎగరేసేవారు. ఒకటి రెండుసార్లు అనలేదు. ఒకదాని తోకలో నిజంగానే వదులు దొరికింది. దాంతో అతని మాట మీద గురి కుదిరింది. ఇంట్లో పప్పులో ఉప్పు గురించి కూడా తన మాట చెల్లని మనిషికి, అక్కడ ఒక్క మాట కోసం మనుషులు ఎదురుచూడడం బాగుండేది. ఈ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు. రోజలిన్‌కి చెప్పక్కర్లేకుండానే తెలుసు.

ఆ విమానాలు ఎలాంటివో ఇక్కడ కాస్త చెప్పాలి. పూర్వం ఇష్టమున్నవాళ్లు తేలికచెక్క కోసుకుని, అతుక్కుని, నెలల తరబడి తామే తయారుచేసుకునేవారట. ఇప్పుడు తయారైపోయినవే పెట్టెలో వస్తున్నాయి. లోపలి ఎముకలన్నీ ఫేక్టరీలోనే అతికేసి, పైన రంగురంగుల ఫిల్ము ఇస్త్రీ చేసి బిగించేసి పంపుతారు. రెక్కలు రెండూ ఒంటికి తగిలించి, ఇంజను బిగించుకుంటే చాలు. లోపలేముందో కొన్నవాడికి తెలియదు. తెలుసుకోవాలంటే అద్దంలా మెరిసే ఆ ఫిల్ముని కొయ్యాలి. ఆ పని ఎవరు చేస్తారు?

జగ్గారావు, యాసిన్, యోహాన్ ముగ్గురూ కలిసి ఒకే రకం విమానాలు మూడు తెప్పించుకున్నారు. ఎర్ర రెక్కలు, వాటి మీద తెల్ల చారలు, బారెడు పొడుగు. యాసిన్, జగ్గారావు వాటిని ఎగరేస్తూనే ఉన్నారు. యోహాన్ మాత్రం తనదాన్ని బీరువా మీద పెట్టి, ఆదివారాలు తను నేర్చుకున్న పాత ఫోమ్ విమానాన్నే ఎగరేసేవాడు. చెయ్యి బాగా తిరిగాక ఎర్రదాన్ని తీద్దామనుకున్నాడు. రోజలిన్ రోజూ దాని దుమ్ము దులిపేది. "కోడలొచ్చినా ఇన్ని సేవలు సెయ్యను," అనేది.

ఆ ఆదివారం జగ్గారావు తన ఎర్ర విమానాన్ని బాగా పైకి తీసుకెళ్లి, ముక్కు కిందికి వంచి దూకించి, మళ్లీ పైకి లేపాడు. అది అతను ఎప్పుడూ చేసే విన్యాసమే. అడుగునించి పైకి లేస్తూండగా చిటుక్కుమని ఒక శబ్దం వచ్చింది. ఎడమ రెక్క ముడిచిన గొడుగులా ఒంటికి అంటుకుపోయింది. ఆ తర్వాత అది విమానం కాదు, ఇంజనుతో సహా ఒక బరువు. గిరికీలు కొట్టుకుంటూ జీడితోటలో పడింది.

అందరూ పరిగెత్తారు. వాళ్లు తోట గట్టు చేరేలోపే లోపల్నించి ఆదిలక్ష్మమ్మ బయటికి వచ్చింది. తోట కౌలుకి చేసుకునే మనిషి. నెత్తిన జీడిపిక్కల బుట్ట, బుట్ట మీద అడ్డంగా ఎర్ర రెక్క.

"ఎవుడిదిరా ఇది? నానొంగున్న సెట్టు పక్క సెట్టు మీద పడ్డాది. నా నెత్తి మీద పడుంటే మీ ఆడోళ్లొచ్చి పిక్కలేరీవోరేటి?"

"ఏటి సెయ్యమంటావమ్మా, రెక్క ఇరిగిపోనాది," అన్నాడు జగ్గారావు. గొంతు లేవలేదు.

"ఇరిగిపోయీది ఎందుకెగరేసినావు?"

"ఇరగదనే ఎగరేసేనమ్మా."

"ఇరగదని ఎవుడు సెప్పినాడు?"

ఎవరూ యోహాన్ వైపు చూడలేదు. అలా చూడకుండా ఉండడానికి వాళ్లు పడుతున్న కష్టం యోహాన్‌కి తెలుస్తూనే ఉంది.

"ముసిలోళ్లు గాలిపటాలాడుకుంటన్నారనుకున్నాను. మనుసుల్ని సంపీ యవ్వారమని నాకు తెల్దు," అని ఆమె రెక్కని రోడ్డు మీద పడేసి, బుట్ట సర్దుకుని వెళ్లిపోయింది.

శ్రీనివాసరావు విరిగినచోట ఫిల్ము చింపి లోపల చూపించాడు. రెక్క పొడుగునా పైన ఒక బద్ద, కింద ఒక బద్ద. రెండింటి నడుమా నిలువుగా సన్నటి పలకలు. "పైకి లేపినప్పుడు పైబద్ద నలుగుతుంది, కిందిది సాగుతుంది. రెండింటినీ పట్టుకుని ఉంచేవి ఈ పలకలే. ఇవిగో చూడండి," అని ఒక పలకని గోటితో లాగాడు. పెట్టె మూతలా ఊడొచ్చింది. అంచు మీద జిగురు తగిలిన గుర్తే లేదు. అప్పుడే రంపం కింద్నించి వచ్చిన చెక్కలా తెల్లగా ఉంది.

"ఫేక్టరీవోడు జిగురు మర్సిపోతే బావేటి సేత్తాడు?" అన్నాడు జగ్గారావు, ఎవరూ అడక్కుండానే. "పైన రంగు కాయితం సుట్టీసి పంపితే లోపలేటుందో బావకి కలొత్తదేటి?"

అది తనని వెనకేసుకురావడమేనని యోహాన్‌కి తెలుసు. కానీ లోపలేముందో కలలా తనకి తెలుస్తుందనే కదా ఇన్నాళ్లూ అందరూ మంచం మీద దుప్పటి పరిచింది. ఆ రెక్కని తను తట్టాడు. అది మోగింది. ఆ మోత అతనికి ఇంకా గుర్తుంది.

వచ్చే శనివారం తగరపువలసలో ఒక ప్రైవేటు బడి వార్షికోత్సవం. మైదానంలో పిల్లలూ తల్లిదండ్రులూ కూర్చుని ఉండగా వాళ్ల మీద యాసిన్ తన ఎర్ర విమానాన్ని ఎగరెయ్యాలి. బడివాళ్లు దాని ఫొటో వేసి బేనరు కూడా కట్టేశారు. యాసిన్ తన విమానాన్ని తెచ్చి మంచం మీద పెట్టాడు.

"అంకుల్, నాది ఇంకోపాలి సూసీయండి. మీరొక్కమాటంటే నాకు దైర్నం."

యోహాన్ తట్టాడు. ఎడమ రెక్క, కుడి రెక్క, మళ్లీ ఎడమ రెక్క. రెండూ చక్కగా మోగాయి. నోటిదాకా వచ్చిన మాట ఆగిపోయింది.

"సెప్తాను," అన్నాడు. "ఇంటికెల్లి ఆలోసించి సెప్తాను."

చక్రం గురించి ఆలోచించి చెప్తానని అతను ఎప్పుడూ అనలేదు.

జ్ఞానాపురంలో ఇంటికి వచ్చి, బీరువా మీంచి తన విమానాన్ని దింపి, రెక్కలు ఊడదీసి, భోజనాల బల్ల మీద పెట్టాడు. తట్టాడు. జగ్గారావుది ఎలా మోగిందో ఇదీ అలాగే మోగింది. యాసిన్‌దీ ఇంతే. మూడూ ఒకే గొంతు. జిగురు లేనిదేదో, ఉన్నదేదో చప్పుడు చెప్పడం లేదు. మళ్లీ తట్టాడు. మర్నాడూ తట్టాడు.

"ఏటండీ, రెండ్రోజుల్నించి ఆ తలుపు కొడతన్నారు? లోపలెవలూ లేనట్టుంది," అంది రోజలిన్, వంటింట్లోంచి.

యోహాన్ గడ్డం గీసుకునే బ్లేడు తెచ్చాడు. ఆమె వచ్చి గుమ్మంలో నిలబడింది. కొత్త చీర మీద కత్తెర పెడుతున్నప్పుడు చూసినట్టు చూసింది గానీ వద్దనలేదు. బ్లేడు రెక్క నడుమ పొడుగునా గీసుకుంటూ పోయింది. ఎర్ర ఫిల్ము రెండుగా విడిపోయి, దానంతటదే వెనక్కి చుట్టుకుంది. టార్చి వేసి చూశాడు. పలకలన్నీ బిగుసుకుని ఉన్నాయి. ప్రతి అంచు దగ్గరా జిగురు పొంగి, ఎండి, చింతపండు రంగులో గట్టిపడింది. గోటితో కాదు, స్క్రూడ్రైవరుతో కదిపినా కదల్లేదు. రెండో రెక్క కూడా కోశాడు. అదీ అంతే.

"బాగున్నట్టే గదా? మరి మొకం అలా పెట్టేరేటి?" అంది రోజలిన్.

అతను కోసిన రెక్కని కణుపుతో తట్టాడు. డబ్బుమంది. పగిలిన చక్రంలా, మోత లేకుండా, అక్కడికక్కడే ఆగిపోయింది. లోపల అంత గట్టిగా ఉన్న రెక్క.

కాసేపటికి గానీ అతనికి పూర్తిగా బోధపడలేదు. మోగింది చెక్క కాదు. బిగించి అంటించిన ఫిల్ము మోగింది, డప్పు మీద చర్మంలా. ఇన్నాళ్లుగా తను ఇక్కడ తట్టి, తల వంచి, విని, తీర్పు చెప్పింది ఆ రంగు పొర గురించి. చక్రానికి ఎవరూ ఏదీ చుట్టరు. ఇనుము తన మాట తనే చెబుతుంది. ఆ ఒక్క తేడా అతనికి తట్టలేదు.

"ఎంతమందికి ఎగరెయ్మన్నానో," అన్నాడు.

"ఎగిరేయి గదా అవన్నీ," అంది రోజలిన్.

"అవి జిగురు బాగుండి ఎగిరేయి. నాను సెప్పి కాదు."

ఆమె కోసిన ఫిల్ము అంచుని వేలితో సాపు చేసింది. అది మళ్లీ చుట్టుకుపోయింది. "మరెల్లి ఆ మాటే సెప్పండి ఆ కుర్రోడికి," అంది.

మర్నాడు పొద్దున్నే యోహాన్ పాత ఊరు వెళ్లాడు. కోటవీధిలో యాసిన్ కొట్టు నిజానికి వాళ్ల నాన్న అబ్దుల్ హమీద్‌ది. సగం బల్ల మీద హమీద్ కంటికి భూతద్దం బిగించుకుని గడియారాలు బాగుచేస్తాడు, మిగతా సగం మీద యాసిన్ ఫోన్లు విప్పుతాడు. వెనక గోడకి ఎర్ర విమానం వేలాడుతోంది. వచ్చినవాళ్లందరూ దాన్నే చూస్తారు.

"నీ ఇమానానికి నాను ఎగరెయ్ అన్నాను గదా," అన్నాడు యోహాన్, కూర్చోకుండానే.

"అదేటంకుల్, ఆ మాట మీదే గదా ఇన్నాళ్లూ ఎగరేత్తన్నాను."

"ఆ మాట ఎనక్కి తీసుకుంటన్నాను."

యాసిన్ నవ్వాడు. యోహాన్ నవ్వకపోవడం చూసి ఆపాడు. "ఏటి, పగులేదైనా ఇనబడిందా?"

"ఇనబళ్లేదు. అదే సెప్తన్నాను. నాకేటీ ఇనబడదు." తన రెక్క కోసిన సంగతి, కోశాక తట్టిన సంగతి వరసగా చెప్పాడు. దేన్నీ పెంచలేదు, తగ్గించలేదు. యార్డులో పైవాళ్లకి వేగన్ గురించి ఎలా చెప్పేవాడో అలాగే చెప్పాడు.

"మీదాన్లో జిగురు బాగుందా?" అన్నాడు యాసిన్.

"బాగుంది."

"మరింకేటంకుల్? ముగ్గురివీ ఒకేపాలి తెప్పించినవి. మీది బాగుంటే నాదీ బాగుంటది."

"జగ్గారావుదీ ఒకేపాలి తెప్పించినదే."

యాసిన్ కాసేపు ఏదో ఫోన్‌ని అటూ ఇటూ తిప్పాడు. "కోత్తే ఆ ఎరుపు మళ్లీ దొరకదు. బేనరు మీద బొమ్మేసీసేరు. శనివారం అతుకులతోటి తీసుకెల్తే నవ్వుతారు. అబ్బా, నువ్వేటంటావు?" అన్నాడు తండ్రి వైపు తిరిగి.

హమీద్ భూతద్దం తియ్యలేదు. "నన్నడక్కండి. నా లెక్కలో ఎగిరీవన్నీ దోమలే," అన్నాడు. చిన్న చక్రాన్ని పటకారుతో పెట్టి, అది కుదురుకున్నాక అన్నాడు: "అయినా ఈడు ఇంట్లో నా మాట కూడా అంత ఇనడు యోహాన్ గారూ. మీరనీసేక ఇంక నానేటంటాను?"

"ఎగరేత్తానంటే ఎగరెయ్," అన్నాడు యోహాన్, యాసిన్‌తో. "నాను ఆపలేను. కానీ యోహాన్ గారు సూసేరు అని మాత్రం ఎవులితోటీ అనకు. నాను సూళ్లేదు."

మెట్లు దిగి వీధిలోకి వచ్చాడు. ఎవరూ వెనక్కి పిలవలేదు.

ఆ తర్వాత రెండు రోజులూ యోహాన్ ఫోన్ దగ్గర పెట్టుకునే తిరిగాడు. అది మోగలేదు. శుక్రవారం సాయంత్రం చర్చి గంట కొడుతుండగా గుమ్మం ముందు స్కూటరాగింది. యాసిన్ దుప్పట్లో చుట్టిన రెక్కలు రెండూ తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టి, దుప్పటి విప్పాడు. రెండూ కోసి ఉన్నాయి. కుడి రెక్క యోహాన్‌దానిలాగే ఉంది. ఎడమదాంట్లో విమానం ఒంటి దగ్గరి పలకలు బాగానే అతికి ఉన్నాయి. ఆ తర్వాతివాటి అంచులు తెల్లగా ఉన్నాయి. యాసిన్ వంగి ఊదాడు. వాటిలో ఒకటి కదిలింది.

రోజలిన్ టీ తెచ్చి, ఆ రెక్కల్ని చూసి, కప్పులు ఎక్కడ పెట్టాలో తెలియక పట్టుకునే నిలబడింది.

"ఇన్నాళ్లూ ఎలాగెగిరిందంకుల్ ఇది?" అన్నాడు యాసిన్.

"ఏటో మరి. నువ్వు జగ్గారావంత గట్టిగా లాగవు," అన్నాడు యోహాన్. అంతకన్నా అతనికి తెలియదు.

శనివారం బడిలో యాసిన్ ఫోమ్ విమానం ఎగరేశాడు. బేనరు మీద ఎర్రది, ఆకాశంలో తెల్లది. పిల్లలు దానికీ చప్పట్లు కొట్టారు. ఒక తండ్రి మాత్రం బొమ్మలో ఉన్నదేదని అడిగాడట. రిపేరుకిచ్చామని యాసిన్ చెప్పాడట.

తర్వాతి ఆదివారాల్లో లేఅవుట్ మీద విమానాల రూపు మారింది. యోహాన్ తన సంగతి అందరికీ ఒక్కసారే, నిలబడి చెప్పేశాడు. శ్రీనివాసరావు దానికి కారణాలు వివరించాడు. జగ్గారావు, "అయితే బావ ఇన్నాళ్లూ డప్పు కొట్టేడన్నమాట," అని పెద్దగా నవ్వాడు. యోహాన్‌కీ నవ్వొచ్చింది, అంత త్వరగా వస్తుందనుకోలేదు. ఒక్కొక్కరే రెక్కలు కోసుకున్నారు. లోపల చూసుకుని, కావలసినచోట జిగురు పోసుకుని, దొరికిన ఫిల్ముతో మూసుకున్నారు. ఎర్ర రెక్కకి పసుపు అతుకు, నీలం రెక్కకి వెండి అతుకు. యోహాన్ ఇప్పుడు టార్చి తెస్తున్నాడు. మూయకముందు పిలిస్తే వెళ్లి లోపల చూస్తాడు. చూసింది చెబుతాడు. మూసేసినదాన్ని చూడమంటే తల అడ్డంగా ఊపుతాడు. ఎగరెయ్ అని మాత్రం ఎవరితోనూ అనడు.

తన ఎర్రదానికి తనే పసుపు అతుకు ఇస్త్రీ చేసుకుని, ఒక పొద్దున దాన్ని రోడ్డు మీద పెట్టాడు. చెయ్యి అలవాటుగా రెక్క మీదికి వెళ్లి, కణుపు మడిచి, ఆగింది.

"తట్టవేటి బావ?" అన్నాడు జగ్గారావు.

"లోపల సూసేను గదా."

అది లేచింది. కాస్త తడబడి, సర్దుకుని, తోట మీద ఒక చుట్టు తిరిగింది. దింపేటప్పుడు చక్రం ఒకటి వంగింది. అంతే.

ఆదిలక్ష్మమ్మ ఇప్పుడు పిక్కలేరడానికి తోటలోకి వెళ్లే ముందు రోడ్డు దగ్గర ఆగుతోంది. బుట్ట దింపదు. నడుం మీద చెయ్యేసుకుని, వరసగా పెట్టిన విమానాల్ని చూస్తుంది.

"అతుకుల బొంతల్లాగున్నాయి," అంటుంది. తర్వాత యోహాన్ వైపు తిరుగుతుంది, ఈయన్నే అడగాలని ఆమెకి ఎవరు చెప్పారో గాని. "ఏటయ్యా, లోపల సూసేరా?"

మొదటిసారి అడిగినప్పుడు యోహాన్ విమానాల వరసని ఒకసారి చూసుకుని జవాబిచ్చాడు.

"ఈటిల్లో సూసేనమ్మా. అదిగో ఆ సివర రెండున్నాయే, ఆ పచ్చదీ తెల్లదీ, ఆటిల్లో సూళ్లేదు. ఆళ్లింకా కొయ్యలేదు."

ఆమె ఆ రెండింటినీ ఎగాదిగా చూసింది. బుట్ట దింపి, ప్లాటు రాయి మీద కొంగు పరుచుకుని కూర్చుంది. పచ్చది లేచి, తిరిగి, దిగింది. తెల్లది లేచి, తిరిగి, దిగింది. అప్పుడు లేచి, బుట్ట నెత్తినెట్టుకుని తోటలోకి వెళ్లింది.